రెండు గుంటల కమర్షియల్ బిట్టు: కొనడం నుంచి అమ్మడం దాకా 13 నెలల డైరీ

స్థలం యాదాద్రి భువనగిరి జిల్లాలో, చౌటుప్పల్ చుట్టుపక్కల. ఎన్‌హెచ్-65 నుంచి లోపలికి చీలే ఒక ఆర్ అండ్ బీ రోడ్డు మీద. సర్వే నంబరు, ఊరి పేరు చెప్పను, ఇప్పుడది వేరేవాళ్లది. కాగితం మీద రెండు గుంటలు, అంటే 242 గజాలు. నా చేతిలో సొంత డబ్బు 24 లక్షలు, అవసరమైతే ఇంట్లో బంగారం మీద తీయగలిగిన అప్పు 8 లక్షలు. ఉద్యోగం హైదరాబాద్‌లో, బండి మీద రానూపోనూ వంద కిలోమీటర్లు. భూమి వ్యాపారంలో అనుభవం సున్నా.

ప్రతి దశ చివర అప్పటిదాకా జేబులోంచి పోయిన మొత్తం రాశాను.

దశ 0: వద్దనుకున్న మూడు బిట్లు (2024 జులై – అక్టోబరు)

ప్రాంతీయ రింగ్ రోడ్డు ఉత్తర భాగం సంగారెడ్డిలో మొదలై చౌటుప్పల్ దగ్గరికి వస్తుంది కాబట్టి, ఇక్కడ ఏ ఏజెంట్‌ని కదిపినా మొదటి మాట ‘ట్రిపుల్ ఆర్’. ఆ మాట విని చూసిన మూడూ ఎందుకు వదిలేశానంటే:

1. హైవే బిట్టు. సర్వీస్ రోడ్డుకు ఆనుకుని, లోతు 60 అడుగులు. ఊరి బయట నేషనల్ హైవే మధ్యగీత నుంచి 40 మీటర్ల లోపు కట్టడం కూడదు. దాన్ని బిల్డింగ్ లైన్ అంటారు. నేను టేపు పెడితే మధ్యగీత నుంచి స్థలం అంచు 30 మీటర్లు. ఇంకో 10 మీటర్లు, అంటే 33 అడుగులు స్థలంలోంచే పోతాయి. మిగిలేది 27 అడుగుల లోతు. ఏజెంట్‌ని అడిగితే ‘అందరూ కట్టుకుంటలేరా సార్’ అన్నాడు.

2. కుంట పక్క బిట్టు. నేను చూసినప్పుడు నీళ్లు అరవై అడుగుల అవతల ఉన్నాయి. కానీ లెక్క ఆ రోజు నీళ్లు ఎక్కడున్నాయని కాదు, కుంట నిండితే ఎక్కడిదాకా వస్తాయని. ఆ ఎఫ్‌టీఎల్ గీత నుంచి, కుంట 10 హెక్టార్లలోపైతే 9 మీటర్లు, ఆ పైనైతే 30 మీటర్లు బఫర్ వదలాలి. ఎఫ్‌టీఎల్ రాయి కనపడలేదు. రాయి కనపడని చోట నేను గజం లెక్క వేయదలచుకోలేదు.

3. జీపీఏ బిట్టు. ఇది నన్ను బాగా ఊరించింది, రేటు మూడో వంతు తక్కువ. అమ్మే మనిషి చేతిలో ఉన్నది జీపీఏ (యజమాని తన తరఫున పనులు చేయమని రాసిచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మాత్రమే. జీపీఏ అమ్మకం యాజమాన్యాన్ని బదిలీ చేయదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. లాయర్‌కి 5,000 ఇచ్చి చూపిస్తే ఒక్క ప్రశ్న వేశాడు: ‘ఇచ్చినాయన బతికే ఉన్నాడా?’ లేడు. ఇచ్చిన మనిషి పోతే ఆ పవర్ కూడా ఆయనతోనే పోతుంది.

ఖర్చు: లాయర్ 5,000, పెట్రోలు 4,200 (17 సార్లు తిరిగాను), ఈసీలూ (స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా) కాపీలూ 800.
ఇప్పటిదాకా: 10,000

దశ 1: బయానా, అందులో చేసిన తప్పు (2024 నవంబరు 17)

నాలుగో బిట్టుకు ఇద్దరు అన్నదమ్ములు అమ్మకందారులు. వాళ్ల నాన్న 2009లో ప్లాటుగా రిజిస్టర్ చేయించుకున్నాడు. తల్లీ తండ్రీ ఇప్పుడు లేరు. చెప్పిన రేటు గజం 14,000. లక్ష రూపాయలు బ్యాంకు ద్వారా బయానా (అడ్వాన్సు) ఇచ్చి, వంద రూపాయల స్టాంపు కాగితం మీద 90 రోజుల గడువు రాయించుకున్నాం.

ఆ కాగితంలో లేనివి, ఉండాల్సినవి:

1. ‘కొన్నవారికి లేదా వారు సూచించిన వారికి’ అన్న మాట. ఇది లేకపోతే రిజిస్ట్రేషన్ ఇంకొకరి పేరు మీద చేయించడం కష్టం.
2. గజాలు కొలత మీదనా, కాగితం మీదనా? మేం ‘242 గజాలు’ అని రాసి ఊరుకున్నాం.
3. వారసులందరి పేర్లు. ఇద్దరు అన్నదమ్ములే సంతకం చేశారు.
4. గడువు ఎవరి వల్ల దాటితే ఏం జరగాలి?

ఈ నాలుగూ తర్వాతి ఆరు నెలల్లో ఒకటొకటిగా నా మెడకు చుట్టుకున్నాయి.

ఇప్పటిదాకా: 1,10,000

దశ 2: టేపు (2024 డిసెంబరు)

242 గజాలు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే కొలత అర్థమవుతుంది. సర్వే గొలుసు 66 అడుగులు. అందులో సగం 33. 33 అడుగులు పొడవు, 33 అడుగులు వెడల్పు అయితే ఒక గుంట, 121 గజాలు. అలాంటివి రెండు ఒకదాని వెనక ఒకటి పెడితే 33 ముఖం, 66 లోతు. దస్తావేజులో సరిగ్గా అవే అంకెలు. అంటే 2009లో ఎవరూ టేపు పట్టలేదు, గుంటల లెక్క వేసి రాసేశారు.

నేను కొలిచిన పద్ధతి:

1. ముందు గుడ్డ టేపుతో కొలిచాను. అదే పక్క రెండుసార్లు కొలిస్తే 3 అంగుళాల తేడా వచ్చింది. లాగితే సాగుతుంది. స్టీలు టేపు, 100 అడుగులది, కొన్నాక తేడా అర అంగుళానికి దిగింది.
2. నాలుగు పక్కలు. ముందు 31 అడుగుల 4 అంగుళాలు, వెనక 32 అడుగుల 8, ఎడమ 65 అడుగుల 2, కుడి 64 అడుగుల 10.
3. మూల నుంచి మూలకు. 72 అడుగుల 5 అంగుళాలు. ఇది వదిలేస్తే విస్తీర్ణం తేలదు. నాలుగు పక్కలు అవే ఉన్నా స్థలం వాలుగా ఒరిగి ఉండొచ్చు.
4. రెండు త్రిభుజాలుగా విడదీసి లెక్క. 2,080 చదరపు అడుగులు. తొమ్మిదితో భాగిస్తే 231 గజాలు.

పదకొండు గజాలు లేవు. టోటల్ స్టేషన్ (కొలత యంత్రం) ఉన్న ప్రైవేటు సర్వేయర్‌ని పిలిస్తే ఆయనకూ 231 వచ్చింది. పోయిన వెడల్పు ఎక్కువగా తూర్పు పక్క ప్రహరీ గోడ వైపే ఉంది. ఆ ఇంటి పెద్దాయన వాకిట్లో మంచం మీద కూర్చుని మా టేపునే చూస్తున్నాడు. గోడ సంగతి ఎత్తితే, ‘మా అయ్య కట్టిన గోడ బిడ్డా అది. నువ్వు కొనకముందు నుంచి ఉన్నది, నువ్వు అమ్మినంక గూడ ఉంటది’ అన్నాడు. నేను అమ్మడానికే కొంటున్నానని ఆయనకు ఎవరు చెప్పారో నాకు తెలియదు.

అసలు దెబ్బ అది కాదు. సర్వేయర్ వెళ్లిపోతూ, రోడ్డు మధ్య నుంచి కొలిచావా అని అడిగాడు. కొలవలేదు. కొలిస్తే మధ్యగీత నుంచి మా ముందు రాయికి 33 అడుగులు. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) మాస్టర్ ప్లాన్‌లో ఆ రోడ్డు వెడల్పు చూస్తే 100 అడుగులు. సగం 50. అంటే 17 అడుగులు మా స్థలంలోకి వస్తాయి.

17 × 31.5 = సుమారు 535 చదరపు అడుగులు, 59 గజాల పైచిలుకు. 231లోంచి అది తీస్తే కట్టుకోవడానికి మిగిలేది 171 గజాలు.

242 అనుకున్నది నెల తిరగకుండా 171 అయింది. రోడ్డు రేపే వెడల్పు చేస్తారని కాదు. కానీ ఎవరు బిల్డింగ్ పర్మిషన్‌కి వెళ్లినా ఆ 17 అడుగులు వదలాల్సిందే.

ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ కూడా అప్పుడే తీశాను. ‘కమర్షియల్ బిట్టు’ అన్నది ఏజెంట్ మాట. కాగితం మీద జోన్ రెసిడెన్షియల్. అలాంటి జోన్‌లో ఏ దుకాణం పెట్టుకోవచ్చన్నది జోనింగ్ నిబంధనల ప్రకారం రోడ్డు వెడల్పు మీద ఆధారపడి ఉంటుంది. పెట్రోలు బంకు, ఫంక్షన్ హాలు అని ఊహించుకున్న కొనుగోలుదారులను ఆ రోజే లెక్కలోంచి కొట్టేశాను. కింద షాపు, పైన ఇల్లు కట్టుకునే మనిషి కావాలి నాకు.

ఖర్చు: సర్వేయర్ 6,000. ఈసీ, సర్టిఫికెట్లు, ఫోటో కాపీలు 3,400.
ఇప్పటిదాకా: 1,19,400

దశ 3ఏ: అగ్రిమెంట్ మీదే తిప్పేద్దామనుకుని (2025 జనవరి)

ఇది రాయాలంటే సిగ్గుగానే ఉంది. మా వైపు చిన్న మదుపరులు చాలామంది చేసేది ఇదే: బయానా ఇవ్వడం, గడువులోపు ఇంకో పార్టీని తేవడం, రిజిస్ట్రేషన్ నేరుగా ఆ పార్టీకి చేయించి మధ్యలో తేడా తీసుకోవడం. రిజిస్ట్రేషన్ ఖర్చు మిగులుతుంది. తెలంగాణలో స్టాంపు డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, మొత్తం 7.5 శాతం. అది ఎవరికి చేదు?

ఏజెంట్ ఒక పార్టీని తెచ్చాడు. గజం 16,000కి బేరానికి సిట్టింగ్. పార్టీ లాయర్ రెండు నిమిషాలు కాగితం చూసి, ‘ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో ముగ్గురు పిల్లలున్నారు, బయానాలో ఇద్దరే ఉన్నారేం?’ అన్నాడు. ముగ్గురని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ సర్టిఫికెట్ నా ఫైల్లో కూడా ఉంది. చదవలేదు, అంతే.

పార్టీ లేచి వెళ్లింది. సాయంత్రానికి అమ్మకందారుల్లో పెద్దన్నయ్యకు కబురు చేరింది. ఫోన్ చేసి, ‘మేము నీకు పద్నాలుగుకి ఇస్తే, మా భూమి నువ్వు పదహారుకు అమ్ముతున్నవా? ఇంకా పైసలన్నీ ఇయ్యకముందే?’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ‘సూచించిన వారికి’ అన్న మాట కాగితంలో లేదు కాబట్టి గట్టిగా అడిగే వీలూ లేదు. రెండు వారాలు ఆయన ఫోన్ ఎత్తలేదు. తర్వాత నేనే వాళ్లింటికి వెళ్లి, నా పేరు మీదే రిజిస్ట్రేషన్ చేయించుకుంటాను, పూర్తి డబ్బు బ్యాంకు ద్వారా ఇస్తాను అని చెప్పి, సర్వే స్కెచ్ ముందు పెట్టాను. ఆ స్కెచ్ మీదే రేటు మళ్లీ మాట్లాడాం. వాళ్లకు కూడా 17 అడుగుల సంగతి తెలియదు. మూడు సిట్టింగుల తర్వాత తేలింది: కొలత ప్రకారం 231 గజాలు, గజం 12,000, మొత్తం 27,72,000. గడువు పొడిగిస్తూ రెండో కాగితం. ఈసారి నాలుగు షరతులూ అందులో ఉన్నాయి.

దశ 3బీ: చెల్లెలి సంతకం (2025 ఫిబ్రవరి – మే)

మూడో వారసురాలు వాళ్ల చెల్లెలు, అమెరికాలో టెక్సస్‌లో ఉంటుంది. తండ్రి స్వార్జితంలో కూతురికీ కొడుకులతో సమానంగా వాటా. ఆవిడ రాలేదు కాబట్టి పెద్దన్నయ్య పేరున స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ. హ్యూస్టన్ కాన్సులేట్‌లో సంతకం ధ్రువీకరణ చేయించి పంపింది.

ఇక్కడ అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన గడువు ఒకటి ఉంది. విదేశంలో రాసిన పవర్‌కి, అది ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు ఇక్కడి స్టాంపు డ్యూటీ కట్టాలి. ఫిబ్రవరి 3న కొరియర్ వచ్చింది. పెద్దన్నయ్య దాన్ని భద్రంగా బీరువాలో పెట్టి మర్చిపోయాడు. ఏప్రిల్ 27న వేరే పని మీద అడిగితే బయటపడింది. ఆరు రోజుల గడువు మిగిలింది. మర్నాడే పట్టుకుని జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసుకు పరిగెత్తాం.

రెండో చిక్కు నాకు లాయర్ చెప్పేదాకా తెలియదు. అమ్మేవాళ్లలో ఒకరు ఎన్ఆర్ఐ అయితే ఆ వాటా మీద టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను) కోయాల్సింది కొన్నవాడు. మామూలుగా 50 లక్షల లోపు స్థలానికి టీడీఎస్ ఉండదు. ఎన్ఆర్ఐకి ఆ మినహాయింపు లేదు. 2025లో సెక్షన్ 195 కింద లెక్క ఇదీ:

1. ఆవిడ వాటా 27,72,000లో మూడో వంతు, 9,24,000.
2. దీర్ఘకాల లాభం మీద 12.5 శాతం, దాని మీద 4 శాతం సెస్సు, కలిపి 13 శాతం. లాభం మీద మాత్రమే కోయాలంటే ముందుగా ఆదాయపు పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. అది లేదు కాబట్టి మొత్తం వాటా మీద.
3. కోత 1,20,120.
4. దీనికి నాకు అప్పట్లో టాన్ (పన్ను కోసేవాళ్లు తీసుకునే) నంబరు కావాల్సి వచ్చింది. పాన్ సరిపోలేదు.
5. డబ్బు తర్వాతి నెల 7లోపు కట్టాలి. తర్వాత ఫారం 27క్యూ (ఈ కోత వివరాల రిటర్ను) వేయాలి.

ఆవిడ రాత్రి పదకొండింటికి వాట్సాప్ కాల్ చేసి, ‘అన్నా, మా అన్నయ్యలకు పూర్తిగా ఇచ్చి నాకు లక్షా ఇరవై వేలు తగ్గించడమేంటి?’ అంది. న్యాయమైన ప్రశ్నే. ఇక్కడ రిటర్ను వేస్తే ఎక్కువ కట్టింది వెనక్కి వస్తుందని, చలానా కాపీ పంపిస్తానని చెప్పి ఒప్పించడానికి నాలుగు కాల్స్ పట్టాయి.

ఈ మధ్యలో ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధీకరించే పథకం). ప్లాటు అనుమతి లేని లేఅవుట్‌లోది. 2020లో వెయ్యి రూపాయలు కట్టి పెట్టిన దరఖాస్తు ఉంది, అది నా అదృష్టం. ప్రభుత్వం 25 శాతం రాయితీ ఇచ్చిన 2025 మార్చిలోనే 44,600 కట్టేశాం. అప్పటికి స్థలం నాది కాదు, డబ్బు మాత్రం నాది. లాయర్ దీన్ని తప్పుపట్టాడు. కనీసం రెండో కాగితంలో ఈ మొత్తం నేను కట్టానని రాయించమన్నాడు, రాయించాను.

ఈసీ గురించి ఒక మాట. కంప్యూటర్ ఈసీ 1983 నుంచి వస్తుంది. అంతకు ముందుది చేతితో వెతికించాలి. సర్వే నంబరుతో వెతికితే రానివి దస్తావేజు నంబరుతో వెతికితే వచ్చాయి. నిషేధిత ఆస్తుల జాబితా కూడా, సెక్షన్ 22-ఏ కిందది, రిజిస్ట్రేషన్ రోజు పొద్దున మళ్లీ చూశాను. అయినా కోర్టు కేసు, రిజిస్టర్ కాని అగ్రిమెంటు ఈసీలో కనపడవు. అందుకే పేపర్లో ప్రకటన. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఖర్చు: ఎల్ఆర్ఎస్ 44,600. లాయర్, పేపర్ ప్రకటన కలిపి 15,000.
ఇప్పటిదాకా: 1,79,000

దశ 4: రిజిస్ట్రేషన్ (2025 మే 22)

ముందు రోజు రాత్రి అమ్మేవాళ్లలో తమ్ముడు అడిగాడు, ‘గవర్నమెంట్ రేటుకే రాసుకుందాం, మిగతాది క్యాష్ ఇయ్యండి.’ అక్కడి ప్రభుత్వ విలువ గజం 6,000. దాని ప్రకారం రాస్తే నా రిజిస్ట్రేషన్ ఖర్చు 2,07,900 నుంచి 1,03,950కి, సగానికి సగం తగ్గుతుంది.

ఒప్పుకోలేదు. నీతి కంటే లెక్కే కారణం. స్థలం అమ్మకానికి 20,000 లేదా ఆ పైన నగదు తీసుకుంటే అంత మొత్తం జరిమానా పడొచ్చు, అది వాళ్ల తలనొప్పి. నా తలనొప్పి వేరు: 13,86,000కి కొన్నట్టు రాసి, రేపు 36 లక్షలకు బ్యాంకు ద్వారా అమ్మితే, నేను సంపాదించని లాభానికి కూడా పన్ను కట్టాలి. మళ్లీ తిప్పి అమ్మేవాడికి తక్కువ రాయించుకోవడం సొంత కాలు నరుక్కోవడమే.

దస్తావేజులో ‘242 గజాలలో కొలత ప్రకారం 231 గజాలు’ అని, నాలుగు పక్కల కొలతలు అడుగులు అంగుళాలతో రాయించాను. రాసే ఆయన ‘ఎవ్వరూ ఇట్ల రాయించరు సార్’ అని విసుక్కున్నాడు.

ఖర్చు: మిగిలిన ధర 26,72,000 (ఇందులో 1,20,120 ప్రభుత్వానికి). స్టాంపు వగైరా 2,07,900. మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు), యూజర్ చార్జీలు 3,600. ఏజెంట్ కమిషన్ 27,500. టాన్, టీడీఎస్ పనికి ఆడిటర్ 4,500. బంగారం అప్పు 8 లక్షలు, 9.5 శాతం వడ్డీకి, ఈ రోజే తీశాను.
ఇప్పటిదాకా: 30,94,500

దశ 5: నేల మీద పని, నీళ్లు నేర్పిన పాఠం (2025 జూన్ – జులై)

తుమ్మ చెట్లు, కంపలు, ఎవరో పోసిన పాత ఇటుకలు. జేసీబీ 6 గంటలు, గంటకు 1,300. చుట్టూ 194 అడుగులకు రాతి కడీలు 25, ఒక్కోటి 380. తీగ, కూలీ 8,700.

స్థలం రోడ్డు కంటే అడుగున్నర పల్లం. గుంతలో ఉన్న బిట్టును ఎవరూ చూడరని ఏజెంట్ చెప్పాడు, అది నిజమే. మొరం లెక్క: 2,080 × 1.5 = 3,120 ఘనపుటడుగులు. టిప్పర్ 250 అడుగులు పడుతుందన్నారు, ట్రిప్పుకు 2,800. 14 ట్రిప్పులు చాలనుకున్నాను. తొమ్మిదో ట్రిప్పు తర్వాత అనుమానం వచ్చి తొట్టి కొలిచాను: 12 పొడవు, 7 వెడల్పు, సరుకు ఎత్తు రెండున్నర. 210 అడుగులు. పైగా రోలర్ తిరిగాక ఇంకా దిగింది. అడుగున్నర అనుకున్నది అడుగుంపావు దగ్గర ఆగింది. అక్కడితో ఆపేశాను. మొదటి ట్రిప్పు రోజే తొట్టి కొలవండి.

అసలు తప్పు ముందు వైపు జరిగింది. రోడ్డుకూ మా స్థలానికీ మధ్య కచ్చా కాలువ ఉంది. జూన్‌లో అది ఎండిన గాడిలా కనిపించింది. టిప్పర్లు లోపలికి రావాలని దాన్ని మొరంతో పూడ్చేసి, దాని మీదుగానే దారి చేశాం. జులైలో రెండు రోజులు వాన. ఉదయం ఏడింటికి ఫోన్: ‘బిడ్డా, నా వాకిట్ల మోకాళ్లలోతు నీళ్లు.’ గోడ పెద్దాయన.

ఆఫీసుకు సెలవు పెట్టి వెళ్లాను. ఆయన మంచం, ఇద్దరు మనవళ్లు, రెండు మేకలు అన్నీ అరుగు మీద. ఆయన గోడ నా 11 గజాల్లో ఉందన్న కోపం అప్పటిదాకా నాలో ఎక్కడో ఉంది. ఆ నీళ్లలో దిగాక మాట్లాడటానికి ముఖం చెల్లలేదు. అదే రోజు జేసీబీ పెట్టి మూడు గంటల్లో కాలువ మళ్లీ తవ్వించి, నాలుగు సిమెంటు గూనలు (పైపులు) వేయించి, పైన మొరం కప్పించాను. గూన లోపలి వెడల్పు అడుగున్నర. మొదట అడుగు గూనలు తెచ్చారు, తిప్పి పంపాను; ఎగువన రోడ్డు కింద తూము ఎంత ఉందో అంతకంటే తక్కువ వేయకూడదు.

పై వారం మళ్లీ వాన. వాకిలి పొడిగా ఉంది. ఆ ఆదివారం సర్వే స్కెచ్ తీసుకుని వెళ్లి, గోడ ఎక్కడుందో అక్కడే హద్దుగా గీసింది చూపించి సంతకం అడిగాను. డిసెంబరులో ‘నేను ఏడ సంతకం పెట్ట’ అన్న మనిషి, కొడుకుతో చదివించుకుని పెట్టాడు. తర్వాత అమ్మేటప్పుడు ఈ కాగితానికి వచ్చిన విలువ 14 టిప్పర్ల మొరానికి కూడా రాలేదు.

ఖర్చు: జేసీబీ 7,800, కడీలు 9,500, తీగ 8,700, మొరం 39,200, తిరుగు పని 12,300, బోర్డు 2,400. మొత్తం 79,900.
ఆగస్టులో ఇంకో బొక్క: ఫారం 27క్యూ జులై 31లోపు వేయాలి. మర్చిపోయి 11వ తేదీన వేశాం. రోజుకు 200 చొప్పున 11 రోజులకు 2,200.
ఇప్పటిదాకా: 31,76,600

దశ 6: అమ్మకం (2025 ఆగస్టు – డిసెంబరు)

మొదటి ప్రకటన: ‘231 గజాలు, మెయిన్ రోడ్డు, ఎల్ఆర్ఎస్ క్లియర్, గజం 18,500.’ 17 అడుగుల ముచ్చట రాయలేదు, అడిగితే చెబుదామనుకున్నాను. ఫోన్లు 23, వచ్చి చూసినవాళ్లు 6, రెండోసారి వచ్చినవాళ్లు సున్నా. ఇద్దరి లాయర్లు మాస్టర్ ప్లాన్ చూసి రోడ్డు సంగతి పట్టుకున్నారు. దాంతో కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా అనుమానంతోనే చూశారు.

సెప్టెంబరు చివర మార్చినవి:

1. ప్రకటనలోనే స్కెచ్ పెట్టాను. 17 అడుగుల గీత ఎర్రగా. కట్టుకోవడానికి 171 గజాలని రాశాను.
2. నేల మీద కూడా ఆ గీత వెంట రెండు కడీలకు ఎర్ర రంగు వేశాను.
3. రేటు 16,500.
4. చెల్లెలి పవర్, టీడీఎస్ చలానా, పెద్దాయన సంతకం, కొలతలు అన్నీ ఒకే ఫైలుగా కట్టి, వచ్చినవాళ్ల చేతిలో ముందు ఫైలు పెట్టాను, తర్వాతే స్థలం.

ఫోన్లు 9కి పడిపోయాయి. చూసినవాళ్లు 4. అందులో ఇద్దరు గట్టిగా మాట్లాడారు.

మొదటాయన 16,400కి ఒప్పుకుని 2 లక్షలు బయానా ఇచ్చాడు. లోన్ మీద కొంటున్నానన్నాడు. బ్యాంకు వాల్యూయర్ వచ్చి, ఎర్ర కడీల వెనక ఉన్న 171 గజాలకే విలువ కట్టాడు. అడిగిన అప్పులో సగం కూడా రాలేదు. 38 రోజులు పోయాయి. బయానా పట్టేసుకోమని ఏజెంట్ అన్నాడు, ‘మార్కెట్‌ల అదే పద్ధతి.’ లోన్ రాకపోతే ఏమిటన్నది కాగితంలో రాయలేదు, మళ్లీ నా తప్పే. తిరిగి ఇచ్చేశాను.

రెండోవాళ్లు అదే రోడ్డు మీద అద్దె మడిగెలో హార్డ్‌వేర్ షాపు నడిపే భార్యాభర్తలు. వాళ్లు లాయర్ కంటే ముందు డీసీఎం (చిన్న లారీ) తెచ్చారు. సిమెంటు బస్తాలతో. డ్రైవర్‌ని వెనక్కి పెట్టమని, గూనల మీదుగా లోపలికి ఎక్కించి, మళ్లీ తిప్పి బయటికి తీయించారు. మొరం చక్రాల కింద రెండంగుళాలు దిగింది, గూనలు పగల్లేదు. ఆయన నాతో రేటు మాట్లాడుతుంటే ఆమె ఎర్ర కడీల నుంచి వెనక్కి అడుగులు వేసి లెక్కపెట్టుకుంటోంది. వచ్చి, ‘రోడ్డు అయ్యేదాక ముందు పదిహేడడుగులు సరుకు దింపుకోనీకి పనికొస్తది. అయినంక షట్టర్ సీదా రోడ్డుకే ఉంటది. మాకు నష్టమేం లేదు’ అంది. ఏడాదిగా నేను లోపంగా చూసిన చోటు అది.

16,200 దగ్గర ఆగారు. పది లక్షలు నగదు ఇస్తామన్నారు. పూర్తిగా బ్యాంకు ద్వారానే అంటే వాళ్ల రిజిస్ట్రేషన్ ఖర్చు పెరుగుతుంది, అందుకని రేటులో 400 తగ్గించాను. 15,800 చొప్పున లెక్క సర్ది 36,50,000. డిసెంబరు 12న రిజిస్ట్రేషన్. వాళ్ల లాయర్ ఫైలు ఒక్క పూటలో చూసేశాడు.

ఖర్చు: అమ్మకం కమిషన్ 36,500. బంగారం అప్పు వడ్డీ 44,300. పెట్రోలు, ప్రకటనలు 8,600.
ఇప్పటిదాకా: 32,66,000

దశ 7: మిగిలింది

అమ్మినది 36,50,000. పోయినది 32,66,000. చేతిలో 3,84,000.

స్థలం 24 నెలలలోపు అమ్మాను కాబట్టి స్వల్పకాల లాభం. జీతానికి కలిపి శ్లాబు ప్రకారం పన్ను. నా జీతం మీద ఇది 20 శాతం శ్లాబులో పడింది. బంగారం వడ్డీ, వదిలేసిన బిట్ల ఖర్చు, లేటు ఫీజు, పెట్రోలు, ప్రకటనలు ఆడిటర్ లెక్కలోకి తీసుకోలేదు; ఆ 65,100 మళ్లీ లాభంలో కలిపాడు. 4,49,100 మీద సెస్సుతో కలిపి సుమారు 93,400. వీటిని ముందే అడిగి ఉంటే కనీసం వడ్డీ విషయంలో వేరే దారి ఆలోచించేవాణ్ని.

నికరంగా 2,90,600.

41 సార్లు వెళ్లాను. సెలవులు 14. రిజిస్ట్రేషన్ నుంచి రిజిస్ట్రేషన్ దాకా ఏడు నెలలు 31 లక్షలు ఇరుక్కున్నాయి. అదే డబ్బు ఏడు శాతం ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంటే పన్నుకు ముందు లక్షా పాతిక వేలు వచ్చేది. ఏజెంట్ మొదటి రోజు చెప్పిన లెక్కలో లాభం పది లక్షలు. ఆ లెక్కలో 242 గజాలు, ఇద్దరు వారసులు, ఎండిన కాలువ ఉన్నాయి.

జనవరిలో ఇంకో బిట్టు చూశాను, 150 గజాలు. స్టీలు టేపుతో ముందు రోడ్డు మధ్యగీత దగ్గర మొదలుపెట్టాను. మాస్టర్ ప్లాన్ రోడ్డుకు 22 అడుగులు పోతున్నాయి. లోతు మొత్తం 40. వెనక్కి వచ్చేశాను. ఖర్చు పెట్రోలు 240.